ఒకే గదిలో ఇరవై రెండు రోజులు

వుసకిలె, కిట్వే
4 మే 2020

తమ్ముడు లొంబేకి,

కంగ్వా నడిపే సిమెంటు లారీ రేపు పొద్దున్నే నకొండే వైపు బయల్దేరుతోందని తెలిసి గబగబా రాస్తున్నాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నిన్న ఫోనులో "బాగున్నానక్కా" అని మూడుసార్లు అన్నావు. నేను అడిగింది ఒక్కసారే. పదిహేనేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. ఒకసారి అడిగితే మూడుసార్లు బాగున్నానని చెప్పేవాళ్ళను మేం ముందు మంచం మీద కూర్చోబెట్టి జ్వరం చూస్తాం.

నువ్వు కంపెనీ పని మీద బయల్దేరిన రోజు నీ సంచిలో నేను పెట్టిన కాగితం ఉందా, పారేశావా? నీ కంచం, నీ చెంచా, నీ దుప్పటి వేరుగా ఉండాలి. గదిలో ఒక్కడివే ఉండాలి, కిటికీ తీసి ఉంచాలి. లారీ డ్రైవర్ల చేతిలోంచి తూకం చీటీలు తీసుకున్నాక, చేతులు కడుక్కునే దాకా ముఖం ముట్టుకోకూడదు. ఇవన్నీ చేస్తున్నావా అని అడిగాను. "అన్నీ చేస్తున్నా" అన్నావు. సరిగ్గా అప్పుడే నీ వెనక ఎవరో దగ్గారు. వెంటనే సిగ్నల్ పోతోందని ఫోను పెట్టేశావు.

ఎవరది?

నాన్న బాగానే ఉన్నాడు. బాగుండటమంటే, మంచం నుంచి వాకిట్లో కుర్చీ దాకా రెండుసార్లు ఆగి వెళుతున్నాడు. ముప్పై ఏళ్ళు గనిలో పీల్చిన రాతిపొడి ఆ ఊపిరితిత్తుల్లో ఎంత చోటు మిగిల్చిందో నీకూ తెలుసు. నేను ఆసుపత్రి నుంచి రాగానే పెరట్లో బట్టలు మార్చుకుని, స్నానం చేసి గానీ ఆయన గదిలోకి వెళ్ళడం లేదు. "నా కూతురు నన్ను చూడ్డానికి వీసా కావాలంటోంది" అని పక్కింటివాళ్ళతో చెబుతున్నాడు.

నిజం రాయి.

మీ అక్క
బుపే


నకొండే
12 మే 2020

బుపే అక్కకు,

నీ ఉత్తరం చేరింది. కంగ్వా అది ఇస్తూ "మీ అక్క పోలీసుల్లో చేరాల్సింది" అన్నాడు. చదివి ఉంటాడని నా అనుమానం.

నువ్వు విన్న దగ్గు వరండాలోది. ఈ బస నిండా డ్రైవర్లే. సరిహద్దు మూసినప్పటి నుంచి ఊళ్ళోకి వచ్చే దారి పొడవునా లారీలు నిలిచిపోయాయి. టాంజానియా వైపు నుంచి వచ్చినవాళ్ళు లారీల కిందే వంట చేసుకుంటున్నారు. కూరలమ్మే ఆడవాళ్ళు మునుపటిలా దగ్గరకు రావడం లేదు. టమాటాలు నేల మీద పెట్టి దూరంగా జరుగుతారు. డ్రైవర్లు వచ్చి తీసుకుంటారు. నేను డ్రైవర్ని కాను, లారీ కాటాలు సరిచేసేవాణ్ణి అని చెప్పినా వాళ్ళకు ఒకటే.

పని సగం అయింది. పిండిమిల్లు కాటా కింద గుంటలో నీళ్ళు నిలిచి లారీ బరువు మోసి కొలిచే రెండు తూనిక దిమ్మలు పాడయ్యాయి. కొత్తవి వచ్చాయి, బిగించాను. పరీక్షకు పెట్టిన బరువులు ఇప్పుడు కిలో తేడా లేకుండా చూపిస్తున్నాయి.

గదిలో ఒక్కడినే ఉన్నాను. కిటికీ తీసే ఉంటుంది.

ఇంకో మంచి కబురు. మొన్న ఆదివారం నాకు పరీక్ష చేశారు. వేలికి సూది గుచ్చి రక్తం తీసుకున్నారు. జబ్బు లేదని కాగితం కూడా ఇచ్చారు. మా ప్రయాణాల సంగతి చూసే చిలేషే అన్నీ సిద్ధం చేశాడు. ఇరవై ఒకటిన కంపెనీ కారు వస్తుంది. నాన్నతో చెప్పు.

నీ తమ్ముడు
లొంబే


వుసకిలె, కిట్వే
16 మే 2020

లొంబే,

నాన్నతో చెప్పలేదు. చెప్పను.

నీ ఉత్తరం ఆసుపత్రిలో టీ తాగుతూ చదివాను. చదివాక టీ చల్లారిపోయింది. ప్రయాణాలకు కాగితం ఇచ్చే పరీక్ష వేలికి సూది గుచ్చి చేసేది కాదు. పొడుగాటి పుల్లకు దూది చుట్టి ముక్కులో పెడతారు. ఎంత లోపలికంటే, కళ్ళ వెనక ఎవరో గోకినట్టు ఉంటుంది. కిందటి నెల మా అందరికీ చేశారు. ఆరడుగుల కాపలా మనిషి చిన్నపిల్లాడిలా కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఒకసారి ఆ పుల్ల పెట్టించుకున్నవాడు వేలికి సూది గుచ్చారని జన్మలో రాయడు.

ఇప్పుడు అడుగుతున్నాను. పరీక్ష ఎక్కడ చేశారు? ఆరోగ్యశాఖవాళ్ళ డేరాలోనా, ఆసుపత్రిలోనా? చేసింది మగమనిషా, ఆడమనిషా? ఫలితం ఎన్నాళ్ళకు వచ్చింది? ఆదివారం తీసి మంగళవారానికి నీ చేతిలో పెట్టారా? ఇక్కడ మాకే వారం పట్టింది.

నువ్వు చిన్నప్పుడు అబద్ధమాడితే లెక్కకు మించి వివరాలు చెప్పేవాడివి. ఇప్పుడూ అంతే. నేను వేలి సంగతి అడిగానా?

ఇంకొకటి. నా ప్రశ్నకు నువ్వు "వరండాలోది" అని రాశావు. వరండాలో దగ్గితే అది దూరంగా వినిపిస్తుంది. నేను విన్నది నీ భుజం పక్కన.

నిజం తెలిసేదాకా ఈ గడప తొక్కకు. కంపెనీ కారులో వచ్చినా, ముద్రలు కొట్టిన కాగితం తెచ్చినా సరే. నాన్న నీ కోసం తలుపు తీయమన్నా తాళంచెవి నా దగ్గర ఉంటుంది.

బుపే


నకొండే
20 మే 2020

అక్కా,

అబద్ధం రాశాను.

గదిలో ఇద్దరం ఉన్నాం, మొదటి రోజు నుంచీ. సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయి బసలో గదులు దొరకలేదని చిలేషే ఒక్కటే ఇచ్చాడు. రెండోవాడు సంపా, మా కంపెనీలోనే విద్యుత్తు పని చూస్తాడు. మన ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంటాడు. అతని భార్యకు నెలలు నిండాయి. ఆ దగ్గు అతనిదే.

నాకు ఎవరూ పరీక్ష చేయలేదు. పదకొండో తారీకు సోమవారం చిలేషే కవరులోంచి రెండు కాగితాలు తీసి, నాదొకటి, సంపాదొకటి బల్ల మీద పెట్టాడు. "మమ్మల్ని ఎవరూ చూడనే లేదుగా" అన్నాను. "చూస్తే పద్నాలుగు రోజులు క్వారంటైనని బడిలో బంధిస్తారు. ఆ తర్వాత కంపెనీ నీ స్థానంలో ఇంకొకణ్ణి పంపుతుంది. నీ ఇష్టం" అన్నాడు. ఎవరైనా అడిగితే ఆదివారం చేశారని చెప్పమన్నాడు. ఆ ఆదివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా నేను కాటా గుంటలో నీళ్ళు తోడుతున్నాను. కాగితం మాత్రం నేను డేరాలో ఉన్నానంటోంది. సంపా దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

అప్పటి నుంచి అతన్ని గమనిస్తున్నాను. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి విప్పుతాడు. ఎందుకో తెలుసా? దగ్గు వినబడకుండా. ఇక్కడి చలిలో కిటికీ బార్లా తీసి పడుకుంటాడు. మూడు రోజులుగా చాప తీసుకెళ్ళి వరండాలో పడుకుంటున్నాడు. చెంచా సంచిలో దాచుకుంటాడు. శనివారం ఎండుచేపలు వేయిస్తూ మాడబెట్టాడు. నేను మంచం మీద లెక్కలు రాసుకుంటున్నాను. గుమ్మంలోకి వచ్చి "మాడిన వాసన రావట్లేదా నీకు?" అన్నాడు. "పనిలో ఉన్నాను" అన్నాను. నా వంక చాలాసేపు చూశాడు. జబ్బు దాస్తున్నవాడి చూపు అలాగే ఉంటుంది, అక్కా. అతనికి ఉందని నాకు గట్టి నమ్మకం.

నేను రేపటి కారు ఎక్కను. అతని పక్కన పదిహేను గంటలు కూర్చుని, ఆ కాగితం చూపించి, నాన్న ఎదుటికి రాలేను. డేరాకు వెళ్ళి నిజంగా పరీక్ష చేయించుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ.

కంగ్వా లారీ వరసలో ఇరుక్కుపోయింది. అందుకే ఈ ఉత్తరం, నాన్నకు ఒక బియ్యం సంచీ కంపెనీ కారు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. సంపాకు ఇవ్వలేదు. అతను నీ దగ్గరకు రాడు. ఒకవేళ దారిలో కనిపిస్తే దూరంగా ఉండు.

లొంబే


వుసకిలె, కిట్వే
25 మే 2020

లొంబే,

నీ ఉత్తరం ఎవరు తెచ్చారో చెబుతాను, కూర్చుని చదువు.

డ్రైవరు ఊళ్ళోకి వచ్చేసరికి అలసిపోయి, "నువ్వు అటే కదా వెళ్ళేది" అని ఉత్తరం, బియ్యం కలిపి సంపాకు ఇచ్చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వాకిట్లో నాన్న కుర్చీకి ఎదురుగా ఒక మనిషి కూర్చున్నాడు. మాస్కు కట్టుకుని ఉన్నాడు. బల్ల మీద టీ పోసింది పోసినట్టే ఉంది. నాన్న ముఖం వెలిగిపోతోంది. చాలా రోజుల తర్వాత ఆయన మాటలు వినేవాడు దొరికాడు.

"సిస్టర్, నేను లొంబేతో పని చేస్తాను. ఇది మీకు ఇమ్మన్నాడు" అని లేచి ఉత్తరం ఇచ్చాడు. పేరు చెప్పలేదు. నేను గుమ్మంలో నిలబడే విప్పాను. అతను మళ్ళీ కూర్చున్నాడు. నాన్న కథ చెబుతున్నాడు. నేను "గదిలో ఇద్దరం ఉన్నాం" దాకా వచ్చాను. తర్వాత "సంపా" దాకా వచ్చాను. తల ఎత్తి అడిగాను.

"మీ పేరేమిటి?"

"సంపా, సిస్టర్."

"లేవండి."

"ఏమైంది?"

"లేచి గేటు బయటికి నడవండి. దేన్నీ ముట్టుకోకండి."

"నా దగ్గర కాగితం ఉంది, సిస్టర్. చూడండి" అని జేబులోంచి తీశాడు. నేను అది లాక్కున్నాను. అవును, లాక్కున్నాను. "ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు" అన్నాను. అతను టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. పక్కిళ్ళవాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు. నేను ఆ కుర్చీని వాళ్ళందరి ముందే సబ్బునీళ్ళతో కడిగాను.

నాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒక్క మాట అన్నాడు. "మన ఇంటికి వచ్చిన మనిషిని కుక్కను తోలినట్టు తోలావు."

ఆ కాగితం తీసుకెళ్ళి ఆరోగ్యశాఖవాళ్ళకు ఇచ్చాను. ఆదివారం తెల్లబట్టల మనుషులు వ్యానులో అతని ఇంటికి వెళ్ళారు. పరీక్షకు నమూనా తీసుకున్నారు, ఇల్లు కదలొద్దన్నారు. ఆ వీధి వీధంతా బయటికొచ్చి చూసిందట.

నేను చేసింది తప్పు కాదని రోజూ అనుకుంటున్నాను. రోజూ అనుకోవలసి వస్తోంది. నాన్నకు పొద్దున, సాయంత్రం జ్వరం చూస్తున్నాను. ఇప్పటికి లేదు. ఆయన కొంచెం గొంతు సవరించుకున్నా మళ్ళీ చూస్తున్నాను.

నీ పరీక్ష ఏమైంది? ఫోను ఎందుకు తీయడం లేదు?

బుపే


నకొండే
2 జూన్ 2020

అక్కా,

ఫోను కంపెనీది. కారు ఎక్కనన్న రోజే చిలేషే తీసేసుకున్నాడు. ఇప్పుడు నేను బడిలో ఉన్నాను, అయిదో తరగతి గదిలో. బల్లలన్నీ గోడకు నెట్టి మంచాలు వేశారు. ఉత్తరాలు మూడు రోజులు పక్కన పెట్టి గానీ బయటికి పంపరట, అందుకే ఇది ఆలస్యంగా చేరుతుంది.

జబ్బు ఉన్నది నాకు.

ముక్కులో పుల్ల పెట్టినప్పుడు నువ్వు రాసినట్టే కళ్ళ వెనక గోకినట్టు అనిపించింది. ఫలితం వచ్చినప్పుడు నేను పరీక్ష చేసిన అమ్మాయితో వాదించాను. "నాకు దగ్గు లేదు, జ్వరం లేదు, పొరపాటున ఇంకొకరిది నాకు రాశారేమో" అన్నాను. ఆమె బల్ల మీదున్న శానిటైజరు సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఏం వాసన?" అంది. నాకు ఏమీ రాలేదు. నీళ్ళనుకున్నాను. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అడిగింది. అప్పుడు నాకు మాడిన చేపలు గుర్తొచ్చాయి.

అక్కా, ఆ రోజు బసంతా పొగ కమ్మేసిందట. నేను మాత్రం లెక్కలు రాసుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ పడుకుని అన్నీ మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాను. సంపా కిటికీ ఎందుకు తీశాడు? చెంచా ఎందుకు దాచుకున్నాడు? చాప వరండాలోకి ఎందుకు తీసుకెళ్ళాడు? నువ్వు నా సంచిలో పెట్టిన కాగితంలో ఉన్నవన్నీ అతనే చేశాడు. నేను ఒక్కటీ చేయలేదు. నేను అతనికి భయపడుతున్నాననుకున్నాను. అతను నాకు భయపడుతున్నాడు.

ఆ కాగితం పట్టుకుని కారు ఎక్కి ఉంటే శుక్రవారం ఆ కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి. మాస్కు తీసేసి, నాన్న చేతులు పట్టుకుని.

అతని ఫలితం వచ్చిందా? నా వల్ల అతనికి అంటిందేమోనని ఇప్పుడు కొత్త భయం. అతని భార్య సంగతి తెలిస్తే రాయి. నాన్న సంగతి మొదటి వాక్యంలోనే రాయి.

లొంబే


వుసకిలె, కిట్వే
12 జూన్ 2020

లొంబే,

నాన్న బాగున్నాడు. జ్వరం లేదు, మామూలు ఆయాసమే. నిన్న న్షిమా ముద్ద ఇంకొంచెం పెట్టమని అడిగి మరీ తిన్నాడు.

సంపాకు రెండుసార్లు పరీక్ష చేశారు. రెండుసార్లూ లేదనే వచ్చింది. ఆ దగ్గు చిన్నప్పటి నుంచీ ఉన్న ఉబ్బసమట. చలికాలం వస్తే ఎక్కువవుతుందట. కుళాయి విప్పేది నువ్వు కంగారు పడకూడదనో, నలుగురూ వింటే బస నుంచి తరిమేస్తారనో, నాకు తెలియదు.

దొంగ కాగితం దగ్గర పెట్టుకున్నాడని కంపెనీ అతన్ని తీసేసింది. చిలేషే మాత్రం ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆ కాగితాలు వాళ్ళే ఎక్కడో సంపాదించుకున్నారని చెప్పాడట. సంపా భార్యకు మే నెలాఖరున ఇంట్లోనే కాన్పు అయింది. తెల్లబట్టల వ్యాను వచ్చిన ఇల్లని మంత్రసాని రానందట. అతని అత్త ఒక్కతే చూసుకుంది. ఆడపిల్ల. నేను నర్సుని, నాలుగు వీధుల దూరంలో ఉన్నాను. నన్ను పిలవలేదు. ఎందుకు పిలుస్తారు?

నిన్న వెళ్ళాను. కోడిపెట్టను, పసిపిల్లకు ఉన్ని టోపీని తీసుకుని వెళ్ళాను. గేటు తోయబోతుంటే భార్య కుందా పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మీరు ఆసుపత్రి నుంచే కదా వస్తున్నారు?" అంది.

"ఇంటికెళ్ళి స్నానం చేసే వచ్చానమ్మా."

"అలాగని మీరు చెప్తున్నారు. అక్కడే ఆగండి."

ఆగాను. అటు పక్కింటావిడ బట్టలు ఆరేయడం ఆపి చూస్తోంది. కోడి చంకలో గింజుకుంటోంది. లోపలి నుంచి సంపా వచ్చి భార్య వెనక నిలబడ్డాడు.

"క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను. "నేను మీ పేరు విని లేవమన్నాను. మిమ్మల్ని ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు."

అతను కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మీ తమ్ముడికి వాసన తెలియట్లేదని నాకు చేపలు మాడిన శనివారమే తెలిసింది, సిస్టర్" అన్నాడు. "చిలేషేకి చెబితే అతన్ని ఆ క్షణమే రోడ్డు మీద పెడతాడు. డేరావాళ్ళకు చెబితే మీ ఇంటి ముందు వ్యాను ఆగుతుంది. ఇంట్లో ముసలాయన ఉన్నాడని లొంబే రోజూ అంటుండేవాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు. అతను కారు ఎక్కనన్నప్పుడు హమ్మయ్య అనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆ రోజు ఇంటికి వచ్చి కూడా?"

"చెబుదామనే కూర్చున్నాను. మీ నాన్నగారి ముందు చెప్పడం ఎందుకని మీ కోసం చూశాను. మీరు వచ్చారు."

కుందా కోడిని గేటు పక్కన కట్టేసి వెళ్ళమంది. టోపీ వద్దంది. కట్టేసి వచ్చాను. ఇంటికి వచ్చాక ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపాను.

సంపా కాక, చిలేషే మీ ఎదుట ఆ కవరు తీశాడని చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. నిన్ను ఏమీ చేయమని అనను. నాకు ఆ హక్కు లేదు.

బుపే


నకొండే
23 జూన్ 2020

అక్కా,

నాకు తగ్గింది. రెండుసార్లు పరీక్ష చేశారు, రెండూ బాగానే వచ్చాయి. వాసన ఇంకా పూర్తిగా రాలేదు. సబ్బు తెలుస్తోంది, చేపలు తెలియడం లేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆరోగ్యశాఖ అధికారి దగ్గరికి వెళ్ళి అంతా రాసిచ్చాను. కవరు, రెండు కాగితాలు, చిలేషే అన్న మాటలు, కాగితంలో ఉన్న ఆదివారం నేను గుంటలో ఉన్న సంగతి. పిండిమిల్లు కాపలాదారు ఆ రోజు హాజరు పుస్తకం తెచ్చి చూపించాడు, అందులో నా సంతకం ఉంది. నా కాగితం నేనే ఇచ్చేశాను. తెలిసి మోసినందుకు నా మీద కూడా కేసు రాశారు. జరిమానా పడుతుందేమో. కంపెనీ చిలేషేని తీసేసింది, నన్నూ తీసేసింది. సంపా ఆ కాగితం తెలియక పట్టుకున్నాడని రాసి, అతన్ని మళ్ళీ పనిలోకి రమ్మన్నారట. తెలియక కాదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. అది దిద్దమని నేను అడగలేదు. ఇలా జరగడానికి నేను ఏం చేశానో అతనికి చెప్పకు. కృతజ్ఞతలు చెప్పడానికి వస్తాడేమో, నేను తట్టుకోలేను.

గురువారం కంగ్వా లారీలో బయల్దేరుతున్నాను. తాళంచెవి నీ దగ్గరే ఉంచు. పద్నాలుగు రోజులు పెరటి గదిలో ఉంటాను, నువ్వు అడగకపోయినా.

ఒక్కటి మాత్రం ఎంత వద్దనుకున్నా మనసులోంచి పోవడం లేదు. ఇరవై రెండు రోజులు ఆ గదిలో మేమిద్దరం ఒకరినొకరు కాపలా కాస్తూ పడుకున్నాం. అతని చెంచా ఎక్కడుందో నాకు తెలుసు. నా దుప్పటి ఎటు జరిగిందో అతనికి తెలుసు. "నీకు ఒంట్లో ఎలా ఉంది?" అని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

నీ తమ్ముడు
లొంబే